సైలెన్సరు మార్పు: మోజు కొందరిది, ముప్పు అందరిది

మచిలీపట్నం: కారు ఉన్నవారిని అడుగుభాగంలో ఏది ముందు పాడవుతుందని అడిగితే, కృష్ణా జిల్లా తీరప్రాంతంలో చెప్పే పేర్లలో సైలెన్సరు ఒకటి. బందరు, కోడూరు, నాగాయలంక వైపు వీచే ఉప్పుగాలి, వానాకాలంలో రోడ్ల మీద నిలిచే నీరు, కాలవ గట్ల మీది గతుకులు మూడూ కలిసి కారు కింద వేలాడే ఆ రేకుడబ్బాను తినివేస్తాయి. మొదట చిన్న బుసతో మొదలై, నాలుగు రోజులకు కారు కాస్తా లారీలాగా మోగడం మొదలుపెడుతుంది.

ఇదిలా ఉండగా, నిక్షేపంగా ఉన్న సైలెన్సరును పనిగట్టుకుని పీకించి, పెద్ద చప్పుడు వచ్చే గొట్టాన్ని బిగించుకునే మోజు కుర్రకారులో బాగా పెరిగింది. ఒకప్పుడు మోటారు సైకిళ్ళకే ఉన్న ఈ సరదా కార్లకూ పాకింది.

అవసరం కొద్దీ మార్చేవారూ, సరదా కొద్దీ మార్చేవారూ చేసే పని ఒక్కటే. కంపెనీవారు వేసి ఇచ్చినదాన్ని తీసి, బజారులో దొరికేదాన్ని బిగించడం. ఒక జాకీ, నాలుగు స్పానర్లు, ఒక ఇనుపరంపం ఉంటే ఇంటి వాకిట్లోనే అయిపోతుంది కదా అని చాలామంది షెడ్డుకు కూడా పోవడం లేదు. పని చూడడానికి తేలికే. అయితే ఆ గొట్టం చప్పుడును అణచడానికి మాత్రమే కాదు, విషపు పొగను కారులోని మనుషులకు సోకకుండా వెనక్కు తోలివేయడానికి కూడా ఉన్నదనే సంగతి మరచిపోతే ముప్పు తప్పదు.

డబ్బాలో ఏమున్నది?

ఇంజనులోని ఒక్కొక్క సిలిండరులో పెట్రోలు మండినప్పుడల్లా వేడిపొగ ఒక్క ఉదుటున బయటికి తన్నుకు వస్తుంది. మారుతి 800 వంటి మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ఇటువంటి పేలుళ్ళు సెకనుకు 75 జరుగుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో అవి సెకనుకు 100. వాటిని నేరుగా గాలిలోకి వదిలితే చెవులు నిలవవు.

అందుకనే 1897లోనే అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడును తగ్గించే సాధనానికి పేటెంటు తీసుకున్నారు. నేటి సైలెన్సరు పైకి ఒట్టి డబ్బాలాగా కనిపించినా, లోపల గదులు, గదుల మధ్య అడ్డుగోడలు, చిల్లులు పొడిచిన గొట్టాలు ఉంటాయి. పొగ ఒక గదిలో నుంచి మరొక గదిలోకి పోతూ వ్యాకోచిస్తుంది. గోడలకు తగిలి వెనుదిరిగిన ధ్వని తరంగాలు ఎదురు వచ్చేవాటితో ఢీకొని బలం కోల్పోతాయి. చివరి గొట్టం దగ్గరకు వచ్చేసరికి మిగిలేది మెత్తని గురక మాత్రమే.

తుప్పు లోపలి నుంచి కూడా

ఉప్పుగాలి, బురద పైనుంచి తింటే, నీరు లోపలినుంచి తింటుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దరిదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుందంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. చలికాలం ఉదయాన కారు వెనుక గొట్టం నుంచి కారే చుక్కలు ఆ నీరే. దూరప్రయాణాలు చేసే బండిలో సైలెన్సరు బాగా వేడెక్కి చెమ్మ ఎగిరిపోతుంది. ఊళ్ళో నుంచి బస్టాండుకూ, పాలకేంద్రానికీ రెండేసి మైళ్ళు తిరిగి ఆగిపోయే బండిలో ఆ చెమ్మ డబ్బా అడుగునే నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకును కొరుకుతుంది. తక్కువ తిరిగిన కారుకు సైలెన్సరు ముందు పోవడానికి ఇదొక కారణం. కొన్ని సైలెన్సర్లకు అడుగున సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. అది నీరు కారడానికి తయారీదారులే పెట్టినది. దాన్ని చిల్లు అనుకుని పూడ్చివేయకూడదు.

బజారు సరుకు రెండు రకాలు

మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి. అయినా ఆ బండ్లను ఇంకా వాడుతున్నవారున్నారు. ఇటువంటి పాత బండ్లకు కంపెనీ సరుకు దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లకు పోయి బయటి సైలెన్సరు కొనడం తప్పనిసరి. ఇందులో తప్పేమీ లేదు. కొనేది ఏ రకమో తెలుసుకుని కొనడమే ముఖ్యం.

మొదటిది, కంపెనీ సైలెన్సరు కొలతలకే, లోపల గదులతో సహా తయారైనది. పాతది కుళ్ళిపోయినవారు కొనవలసినది ఇదే. రెండవది, లోపల గదులు లేకుండా ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా పోయే చిల్లుల గొట్టం. దాని చుట్టూ గాజుపీచు వంటి పీచు కూరి ఉంటుంది. సరదా కొద్దీ కొనేది ఎక్కువగా ఈ రకాన్నే. కొత్తలో కొంత మెత్తగా మోగినా, పీచు కాలిపోయేకొద్దీ చప్పుడు ముదురుతుంది.

దీనివల్ల ఇంజనుకు బలం పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని దుకాణాల్లో నమ్మబలుకుతారు. పందెపు కార్ల వంటి పెద్ద ఇంజన్లకు, మిగతా మార్పులన్నీ కూడా చేసినప్పుడు కొంత లాభం ఉండవచ్చు. సంసారపక్షంగా వాడుకునే చిన్న కారులో పెరిగేది చప్పుడే తప్ప బలం పెరిగినట్లు తెలియదు. చప్పుడు విని బండి జోరుగా పోతున్నదని భ్రమపడడం వేరు, నిజంగా పోవడం వేరు.

రంపం పెట్టకూడని చోటు

కొత్త కార్ల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ కార్లలోనే కాక అంతకు ముందరి చాలా కార్లలో కూడా ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య క్యాటలిటిక్ కన్వర్టర్ అనే భాగం ఉంటుంది. పైకి అది కూడా ఒక డబ్బాయే. లోపల తేనెపట్టు వంటి సన్నని గూళ్ళకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాల పూత ఉంటుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని హాని తక్కువైన వాయువులుగా మార్చేది ఇదే.

ఇది పొగకు అడ్డమని, తీసివేస్తే పికప్ వస్తుందని చెప్పి కోయించుకున్నవారికి రెండు నష్టాలు. పొగ పరీక్షలో బండి తప్పుతుంది. లోపలి లోహాల మూలంగా వందలలో కాక వేలలో ధర పలికే వస్తువు పాత ఇనుము కింద చేతులు మారిపోతుంది. దాని పక్కనే వైరుతో బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సార్ తెగితే డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగి, పెట్రోలు లెక్క తప్పుతుంది. కాబట్టి మార్చదలచినవారు కన్వర్టర్ తరువాత ఉండే వెనుక డబ్బాకే పని పరిమితం చేసుకోవాలి.

వాకిట్లో విప్పేవారు పాటించవలసినవి

పని ముందురోజు సాయంత్రమే మొదలు కావాలి. తుప్పుపట్టిన నట్లు, బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననివ్వాలి. ఆ నూనె లేకపోతే డీజిలు పోసినా కొంత పని జరుగుతుంది. వేడి సైలెన్సరు తగిలితే చర్మం ఊడివస్తుంది. ఇంజను ఆపిన తరువాత పూర్తిగా చల్లారేదాకా చెయ్యి పెట్టరాదు.

బండిని చదునైన గట్టినేల మీద, ఆరుబయట నిలపాలి. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో ఉంచి, నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటం. జాకీ కారును ఎత్తడానికే గాని మోసి నిలపడానికి కాదు. ఎత్తిన తరువాత బరువును ఇనుప స్టాండ్ల మీదకు దించాలి. ఇటుకలు పేర్చి దాని మీద నిలపడం మరీ ప్రమాదం. బరువు పడినప్పుడు ఇటుక చెప్పకుండా పగులుతుంది.

సైలెన్సరును కారుకు వేలాడదీసే రబ్బర్లకు సబ్బునీరు పూస్తే తేలికగా జారివస్తాయి. పగిలిన రబ్బర్లను, అతుకు దగ్గరి గాస్కెట్టును మళ్ళీ వాడకుండా కొత్తవి వేయాలి. రంపంతో కోసేటప్పుడు తుప్పురజను కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి.

విప్పిన పాతదాన్ని అవతల పారవేయకుండా కొత్తదాని పక్కన నేలమీద పరచి చూడడం తెలివైన పని. పొడవు, వంపులు, గొట్టం లావు, కొక్కేలు ఉన్న చోట్లు రెండింటికీ సరిపోతేనే బిగించాలి. ఏది తేడా వచ్చినా అప్పుడే దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు.

బిగించేటప్పుడు మొదట అన్నిటినీ వదులుగా తగిలించి, గొట్టం ఎక్కడా కారు అడుగుకూ, పెట్రోలు ట్యాంకుకూ, బ్రేకు గొట్టాలకూ తగలకుండా సరిచూసుకుని, ఆ తరువాత ఇంజను వైపు నుంచి వెనక్కు వరుసగా బిగించుకుంటూ రావాలి. చివరి గొట్టం నోరు కారు బాడీని దాటి బయటికి ఉండాలి. కంపెనీవారు వేసిన వేడి ఆపే రేకును విప్పితే మళ్ళీ అక్కడే వేయాలి.

వెల్డింగు అవసరమైతే మాత్రం ఇంటి దగ్గర ఆ పని పెట్టుకోరాదు. పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటుంది. అది షెడ్డులో, బ్యాటరీ తీగ విప్పి, పని తెలిసినవారు చేయవలసినది.

కనపడని శత్రువు

అంతా అయిన తరువాత చేయవలసిన ముఖ్యమైన పరీక్షను చాలామంది చేయరు. అతుకుల మీద సబ్బునీరు పూసి, చల్లగా ఉన్న ఇంజనును అప్పుడే స్టార్టు చేసి చూడాలి. బుడగలు వచ్చినచోట పొగ కారుతున్నట్లే. రెండు మూడు రోజులు తిరిగిన తరువాత క్లాంపులను మళ్ళీ ఒకసారి బిగించాలి. వేడికి వ్యాకోచించి, చల్లారి, అవి వదులవుతాయి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, అతుకులో నుంచి కారే పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును అది 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. కారు అడుగున చిల్లుంటే, లేదా వెనుక డిక్కీ తలుపు సరిగా పడకపోతే, అద్దాలు వేసి ఏసీ పెట్టుకున్న కారులోకి ఈ వాయువు చేరుతుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆ తరువాత మత్తు. దూరప్రయాణం బడలిక అనుకుంటారు. వెనుక సీటులో పిల్లలు నిద్రపోతున్నారనుకుంటారు. ప్రయాణంలో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి అంటే వెంటనే బండి ఆపి, తలుపులు తెరిచి, అందరినీ గాలిలోకి దింపాలి. మత్తుగా ఉన్నవారి కోసం 108కు ఫోను చేయాలి. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ కారులో పడుకోవడం ఎంతమాత్రం పనికిరాదు.

కళ్ళాలైన రోడ్లు

పల్లెల్లో మరొక ప్రమాదం కూడా ఉన్నది. నూర్పిళ్ళ రోజులలో మినుము, కంది కట్టెలను, గడ్డిని రోడ్ల మీద పరచి, వచ్చే పోయే బండ్ల చేత తొక్కించడం తెలిసినదే. ఎండిన కట్టె కారు అడుగున చుట్టుకుని, కాలుతున్న గొట్టానికి ఆని అంటుకోవచ్చు. బయట కొన్న గొట్టం ఒక అంగుళం కిందకు వేలాడినా, వేడి ఆపే రేకు లేకపోయినా ఈ ముప్పు పెరుగుతుంది. అటువంటి రోడ్డు దాటిన తరువాత కారు ఆపి కింద చూసుకోవాలి. గడ్డివాము పక్కన, ఎండుగడ్డి మీద వేడి బండిని నిలపరాదు. రోడ్డును కళ్ళం చేసే రైతులు కూడా ఈ సంగతి ఆలోచించాలి.

చట్టం ఏమంటున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలి. వ్యవసాయ ట్రాక్టర్లకు కూడా ఇది వర్తిస్తుంది. చప్పుడు, పొగ విషయంలో ప్రమాణాలు దాటిన బండిని రోడ్డు మీద నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 3 నెలలు లైసెన్సు కూడా పోతుంది. కుళ్ళినదాని బదులు అదే కొలతల సైలెన్సరు వేసుకుని, చప్పుడు, పొగ హద్దులో ఉన్నవారు ఈ సెక్షనుకు భయపడవలసిన పనిలేదు.

నివాస ప్రాంతాలలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రులు, బడుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా పరిగణించాలి. అర్ధరాత్రి ఒక్క కారు వీధిలో మోగుతూ పోతే ఉలిక్కిపడి లేచేది చంటిపిల్లలు, గుండెజబ్బువారు, తెల్లవారుజామున పొలం పోవలసిన కూలీలు. పశువులు తాళ్ళు తెంపుకోవడమూ ఉన్నది.

పట్నాలలో పోలీసుల తనిఖీలు ఉన్నట్లుగా పల్లెరోడ్ల మీద ఉండవు. అందువల్ల ఇక్కడ పెద్దల మాటే తనిఖీ కావాలి. మెకానిక్కులు కూడా అడిగినవారికల్లా గొట్టం కోసి ఇవ్వకుండా మంచీ చెడూ చెప్పాలి. రవాణాశాఖవారు సంతరోజులలో మండల కేంద్రాలలో పొగ, ధ్వని పరీక్షలు జరిపితే, కుళ్ళిన సైలెన్సరుతో తెలియక తిరుగుతున్నవారికి ఎంతో మేలు జరుగుతుంది.