మెదడు క్యాన్సర్‌కు నెయ్యి పథ్యం

ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టె, కరీంనగర్ వైపు అన్నం లేని పూటను మన ఇళ్ళలో ఊహించలేము. అలాంటి ఇంట్లో ఒకరికి మెదడు క్యాన్సర్ అని తేలి, చికిత్స కోసం హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, నిమ్స్‌కో తిరుగుతున్న రోజుల్లో బంధువులెవరో ఒక సలహా ఇస్తారు: అన్నం, చక్కెర మానిపించి నెయ్యి, మాంసం పెడితే కణితి ఆకలితో చస్తుందని. ఈ మాట కొంత నిజం, చాలావరకు ఆశ.

దీనిని కీటోజెనిక్ పథ్యం అంటారు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీనిని మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ గల పిల్లలకు నేటికీ వైద్యులు దీనిని ఇస్తున్నారు. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలో గమనించారు. ఆ పరిశీలన నుండే కణితిని పస్తు పెట్టవచ్చుననే ఆలోచన పుట్టింది. కానీ మనం అన్నం మానినా కాలేయం తానే గ్లూకోజు తయారు చేస్తుంది. పైగా మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది.

జర్మనీలో కణితి తిరగబెట్టిన 50 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రేడియేషన్‌తో పాటు కొందరికి తొమ్మిది రోజులు ఈ పథ్యాన్ని, మధ్యలో ఉపవాసాన్ని కలిపి ఇచ్చారు. రక్తంలో చక్కెర తగ్గింది, కీటోన్లు పెరిగాయి. అయినా ఆరు నెలల నాటికి వ్యాధి ముదరకుండా ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరోవైపు గ్లయోబ్లాస్టోమాకు రేడియేషన్‌తో టెమోజోలమైడ్ మాత్రలు చేర్చినపుడు రెండేళ్ళు జీవించినవారు నూటికి 10 నుండి 26కు పెరిగారని 2005లోనే రుజువైంది. పథ్యాన్ని నమ్మి ఆ మాత్రలు ఆపేవారు దేనిని వదులుకుంటున్నారో ఈ అంకెలే చెబుతాయి.

చికిత్సకు తోడుగా ప్రయత్నించదలిస్తే డాక్టరు, డైటీషియన్ల పర్యవేక్షణ తప్పనిసరి. రోజుకు పిండిపదార్థం సుమారు 20 నుండి 50 గ్రాములకు మించరాదు. వంద గ్రాముల బియ్యంలోనే 78 గ్రాములదాకా ఉంటుంది. మాంసం కూడా కొలతగానే తినాలి, ఎందుకంటే ఇది కొవ్వు పథ్యమే గాని మాంసపు పథ్యం కాదు. మన ఇళ్ళలో అసలు చిక్కు తేనె, ఖర్జూరాలతో వస్తుంది. పరామర్శకు వచ్చేవారు ప్రేమతో తెచ్చే ఈ రెండూ ఈ పథ్యానికి సరిపడవు. హలీంలో గోధుమ ఉంటుంది కనుక అదీ పనికిరాదు. ఇవి కాదన్నందుకు ఎవరూ నొచ్చుకోకుండా ఇంటి పెద్దలే ముందుగా చెప్పి ఉంచడం మేలు.

పథ్యంలో ఉపవాసం ఉంది కదా అని రోగి చేత రమజాన్ రోజాలు పట్టుబట్టి ఉంచరాదు. వ్యాధిగ్రస్తులు వేరే రోజులలో పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే, అల్ బఖరా సూరాలో ఉంది.

వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాలలో రాళ్ళు ఈ పథ్యపు ఇబ్బందులు. అన్నిటికన్నా బరువు తగ్గడం ప్రమాదకరం. వారానికొకసారి బరువు చూసి కాగితంపై రాసి, తరువాత ఆసుపత్రికి వెళ్ళినపుడు ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టాలి.