ఉచిత ఫోను ఖరీదెంత?

ఆగస్టులో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో విమానం దిగిన తెలుగు విద్యార్థికి మొదటి వారంలో తీరిక ఉండదు. బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, యూనివర్సిటీ ఫారాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటన్నిటిలోనూ అమెరికా ఫోను నంబరు రాయమనే గడి ఒకటి ఉంటుంది. కాబట్టి నిద్ర తీరని కళ్ళతోనే ఏదో ఒక మాల్‌లో ఫోను కంపెనీ కౌంటరు ముందు నిలబడతాడు. ఎదురుగా కొత్త ఐఫోన్ ఉచితం అని పెద్ద బోర్డు కనిపిస్తుంది. అది అబద్ధం కాదు, అందుకే దాన్ని అర్థం చేసుకోవడం కొంచెం కష్టం.

మన దగ్గర ఫోను కొనడం వేరు, సిమ్ తీసుకోవడం వేరు. బిగ్ సీలోనో లాట్ మొబైల్స్‌లోనో ఫోను కొంటాం. వాయిదాల మీద కొన్నా బాకీ పడేది బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో. సిమ్‌కి ఆధార్ చూపించి, నచ్చిన రీచార్జి చేయించుకుంటాం. జియో నచ్చకపోతే ఎయిర్‌టెల్‌కి పోతాం, ఫోనుకి దానితో సంబంధం ఉండదు. అమెరికాలో ఈ రెండు బేరాలనూ కలిపి అమ్మడం పాత అలవాటు. 2013లో టీ-మొబైల్ రెండేళ్ళ కాంట్రాక్టులు ఎత్తేసింది, తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. అప్పుడు గుమ్మంలోంచి బయటికి పోయిన కాంట్రాక్టు వాయిదాల రూపంలో దొడ్డిదారిన మళ్ళీ లోపలికి వచ్చింది. ఇప్పుడు కౌంటరులో మీకు నిజంగా అమ్మేది మూడేళ్ళ నెలవారీ బిల్లు. ఫోను దానికి ఎర.

లెక్క వేసి చూద్దాం. ఫోను ధర 830 డాలర్లు అనుకోండి. ‘ఉచితం’ అంటే ఆ 830ని 36 వాయిదాలు చేస్తారు. బిల్లులో నెలకు 23 డాలర్లు ఫోను కింద వేసి, ఆ కింది వరసలోనే అదే 23 తీసేస్తారు. దీన్ని బిల్ క్రెడిట్ అంటారు. షరతు ఏమిటంటే పైతరగతి అన్‌లిమిటెడ్ ప్లాన్‌లోనే ఉండాలి. ఒక్క లైనుకి అది 85 డాలర్లు అనుకుంటే 36 నెలలకి 3,060 డాలర్లు. అదే ఫోను డబ్బులిచ్చి కొనేసి 25 డాలర్ల ప్రీపెయిడ్ ప్లాన్ వేసుకుంటే 830, 900 కలిపి 1,730. ఉచిత ఫోను వల్ల 1,330 డాలర్లు ఎక్కువైంది. దీనికి తోడు చాలా రాష్ట్రాల్లో ఉచిత ఫోనుకి కూడా పూర్తి ధర మీద అమ్మకం పన్ను ముందే కట్టించుకుంటారు. టెక్సస్‌లో డాలస్ లాంటి ఊళ్ళలో ఆ పన్ను 8.25 శాతం, అంటే 68 డాలర్ల పైమాట. యాక్టివేషన్ ఫీజు అని ఇంకో ముప్ఫయ్యో నలభయ్యో పడుతుంది. ఉచిత ఫోనుతో బయటికి వచ్చేసరికి జేబులోంచి వంద డాలర్లు పోయి ఉంటాయి.

మధ్యలో మానేస్తే? ఇరవయ్యో నెల కట్టి వెళ్ళిపోయారనుకోండి. క్రెడిట్లు అక్కడితో ఆగిపోతాయి, మిగిలిన 16 వాయిదాలు, అంటే 368 డాలర్లు ఒక్కసారిగా బిల్లులోకి వస్తాయి. ఎంఎస్ చదివే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. చదువు రెండేళ్ళు, తర్వాత ఉద్యోగం ఎక్కడొస్తే అక్కడికి. రాబోయే ఆరు నెలలు ఏ ఊళ్ళో ఉంటామో తెలియని మనిషి మూడేళ్ళ బేరం ఎందుకు ఒప్పుకోవాలి?

అసలు చాలామందికి ఆ బేరం ఇవ్వనే ఇవ్వరు. వాయిదాలకి క్రెడిట్ చరిత్ర చూస్తారు, దానికి సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థికి క్యాంపస్‌లోనో మరోచోటో అనుమతి ఉన్న ఉద్యోగం దొరికితే తప్ప ఆ నంబరు రాదు. డిపాజిట్ కట్టమంటారు, లేదా వద్దంటారు. వద్దంటే సంతోషించండి.

ప్రీపెయిడ్‌కి ఈ గొడవ లేదు. మనవాళ్ళకి వింతగా అనిపించేది ఇదే: అమెరికాలో సిమ్‌కి గుర్తింపు కార్డు చూపించాలన్న చట్టం లేదు. వాల్‌మార్ట్‌లోనో టార్గెట్‌లోనో సబ్బుబిళ్ళ తీసుకున్నట్టు సిమ్ ప్యాకెట్ తీసుకుని బిల్లు కౌంటరు దగ్గర డబ్బులు కట్టి వచ్చేయవచ్చు. ఎవరి సిమ్ తీసుకోవాలన్నదానికి ముందు ఒక సంగతి తెలియాలి. 2020లో స్ప్రింట్ టీ-మొబైల్‌లో కలిసిపోయాక దేశమంతా సొంత టవర్లతో పెద్ద ఎత్తున నడుస్తున్నవి మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. మిగతా పేర్లలో చాలావరకు వాటి టవర్లు వాడుకునేవే. క్రికెట్ ఏటీ అండ్ టీది. విజిబుల్ వెరైజన్‌ది. మెట్రో టీ-మొబైల్‌ది, 2024లో మింట్ కూడా దాని చేతికే వచ్చింది. చిన్న పేరున్న సిమ్ పెట్టుకున్నా మాట్లాడేది పెద్దవాడి టవరు నుంచే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే రద్దీలో. జనం ఎక్కువైనప్పుడు ఎక్కువ డబ్బు కట్టేవాళ్ళకి ముందు దారి ఇచ్చి, చౌక ప్లాన్లవాళ్ళ డేటా నెమ్మది చేస్తారు. తానా సభల్లో, పెద్ద స్టేడియంలో వీడియో ఆగి ఆగి ఆడితే కారణం చాలాసార్లు ఇదే. విద్యార్థి రోజువారీ జీవితానికి అది పెద్ద లోటేమీ కాదని నా అభిప్రాయం. క్యాంపస్‌లో వైఫై, ఇంట్లో వైఫై, మధ్యలో బస్సు. ఒక జాగ్రత్త: నెలకు పదిహేను డాలర్లు అని రాసిన ప్లాన్లకి చాలావాటిలో మూడు నెలలదో ఏడాదిదో ముందే కట్టాలి. మీ అపార్ట్‌మెంట్ లోపల ఆ టవరు అందుతుందో లేదో తెలియకుండా ఏడాదికి కట్టేయకండి. రూమ్మేట్ ఫోన్లో ఏ నెట్‌వర్కో అడిగి, పడకగదిలో నిలబడి గీతలు లెక్కపెట్టుకోండి చాలు.

ఇక ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోను. ఇది పనిచేస్తే కొత్తది కొనే తొందరే ఉండదు. ఆగస్టులో వచ్చినవాళ్ళు సెప్టెంబరులో కొత్త ఐఫోన్లు వచ్చి పాతవాటి ధర తగ్గేదాకా, ఇంకా ఓపికుంటే నవంబరు నాలుగో గురువారం మర్నాటి బ్లాక్ ఫ్రైడే దాకా ఆగవచ్చు. అయితే మన ఫోను అక్కడ పనిచేయడం అన్నదానికి రెండు మెట్లున్నాయి. 2022 సంవత్సరంలో అక్కడి పెద్ద కంపెనీలన్నీ 3జీని మూసేశాయి. కాబట్టి 4జీ మీదే మాటలు నడిపే వోల్టీ సదుపాయం ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో మీ ఫోనుకి పనిచేయాలి. ఏటీ అండ్ టీ తమ దగ్గర ఏ మోడళ్ళు చెల్లుతాయో జాబితా పెట్టుకుని, అందులో లేనివాటిని కాదంటుంది, ఫోను ఎంత కొత్తదైనా సరే. రెండో మెట్టు తరంగాలది. టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్‌ని, మిగతావాళ్ళు 700ని ఊరి బయటకీ గోడల లోపలికీ సిగ్నల్ చేర్చడానికి వాడతారు. తక్కువ ఫ్రీక్వెన్సీ గోడల్ని బాగా దాటుతుంది. మన దేశంలో అమ్మే మధ్యరకం ఫోన్లలో అమెరికా వాడే ఈ బ్యాండ్లు, అంటే 12, 13, 71, చాలాసార్లు ఉండవు. ఫలితం విచిత్రంగా ఉంటుంది. రోడ్డు మీద నాలుగు గీతలు, గ్రౌండ్ ఫ్లోర్ గదిలోకి వచ్చేసరికి సున్నా. ఫోను పాడైందనుకుంటారు, పాపం దాని తప్పేం లేదు. ప్రయాణానికి ముందే *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో కొట్టి చూస్తే మీ ఫోను చెల్లుతుందో లేదో అక్కడే చెప్తారు. హైదరాబాద్‌లో ఉండగానే అయిపోయే పని.

అక్కడే కొత్త ఐఫోన్ కొనేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ పెట్టే అర ఉండదు, ఈసిమ్ ఒక్కటే. వేలెడంత ఇండియా సిమ్‌ని చేత్తో పట్టుకుని ఫోను నాలుగు పక్కలా తిప్పి చూసినా చిల్లు కనిపించదు. ఇండియా సిమ్ ఎందుకంటారా? అమ్మానాన్నల పేరుతో కలిసి ఉన్న ఎడ్యుకేషన్ లోన్, ఇండియా బ్యాంకు ఖాతా, ఆధార్, ఆదాయపు పన్ను అన్నీ ఆ నంబరుకే ఓటీపీ పంపుతాయి. కాబట్టి బయల్దేరే ముందే ఆ నంబరుని ఈసిమ్‌గా మార్చుకోగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది. అక్కడికి వెళ్ళాక మార్చడం కుదరకపోవచ్చు, ఎందుకంటే మార్చడానికి కూడా ఆ నంబరు నుంచే ఎస్సెమ్మెస్ వెళ్ళాలి, దానికే ఓటీపీ రావాలి. నాన్నగారి పాత ఫోన్లో సిమ్ పెట్టి వచ్చి, అర్ధరాత్రి ఫోను చేసి ‘నాన్నా, ఓటీపీ చెప్పు’ అనే ఏర్పాటు కూడా చాలా ఇళ్ళలో నడుస్తోంది. నడుస్తుంది గానీ, ఆయన పొలానికో పెళ్ళికో వెళ్ళిన రోజు నడవదు. సిమ్‌ని ఎటూ వాడకుండా వదిలేస్తే 90 రోజుల తర్వాత కంపెనీ దాన్ని తీసేయవచ్చు, కాబట్టి చిన్న రీచార్జి ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకి సాధారణంగా డబ్బు పడదు. కాల్ ఎత్తితే పడుతుంది, డేటా వదిలేస్తే బాగా పడుతుంది. ఆ లైనుకి డేటా రోమింగ్ ఆపేయండి. ఒక్క సంగతి తేలికైంది: 2023 నుంచి అమెరికా సహా పది దేశాల నంబర్లను ప్రవాస భారతీయుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలతో కలిపి యూపీఐ వాడుకోవడానికి అనుమతి వచ్చింది. అది మీ బ్యాంకు ఇస్తోందా లేదా అన్నది బ్యాంకునే అడగాలి.

ఇప్పుడు ఫ్యామిలీ ప్లాన్ గురించి. ఇది మనవాళ్ళ తెలివికి చక్కని నమూనా. ఒక్క లైనుకి 85 డాలర్లయ్యే ప్లాన్ అయిదారు లైన్లకి తీసుకుంటే మనిషికి సగానికి దిగివస్తుంది. అందుకని గుంటూరు అబ్బాయి, వరంగల్ అబ్బాయి, కర్నూలు అమ్మాయి, ఆమె రూమ్మేట్, ఆ రూమ్మేట్ కజిన్ అంతా కలిసి ఒక ‘కుటుంబం’ అవుతారు. ఉద్యోగం వచ్చి, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న ఒక సీనియర్ అన్న పేరు మీద ఖాతా ఉంటుంది. నెలనెలా జెల్ అనే పేమెంట్ సేవ ద్వారా ఆయనకి డబ్బు పంపుతారు. నేను దీన్ని వద్దనను, డబ్బు నిజంగానే మిగులుతుంది. కానీ కంపెనీ దృష్టిలో ఆ నంబర్లన్నిటి మీదా హక్కు ఖాతాదారుదే. ఆయన బిల్లు కట్టడం మరిచిపోతే అందరి ఫోన్లూ ఒకేసారి ఆగుతాయి. మీరు ఏ నంబరుకి ఎప్పుడు చేశారో, ఎంతసేపు మాట్లాడారో ఆయన తన లాగిన్‌లో చూడవచ్చు. వాట్సాప్ మాటలు మాత్రం అందులో కనిపించవు, కాబట్టి ప్రేమ వ్యవహారాలు చాలావరకు భద్రం. అసలు చిక్కు విడిపోయేటప్పుడు వస్తుంది. నంబరు మార్చకుండా వేరే కంపెనీకి పోయే హక్కు అమెరికా మొబైల్ వాడకందార్లకి 2003 నుంచీ ఉంది. కానీ దానికి ఖాతా నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ కావాలి. ఆ పిన్ ఖాతాదారు అడిగితేనే వస్తుంది, కొద్దిరోజులే చెల్లుతుంది. ఆ అన్న పెళ్ళికని ఇండియా వెళ్ళి ఫోను ఎత్తకపోతే మీరు ఆగాల్సిందే. ఆయన శాశ్వతంగా వెళ్ళిపోతూ ఖాతా మూసేస్తే మీ నంబరు ఆ ఖాతాతో పాటే పోతుంది, దానితో మీ బ్యాంకు లాగిన్ కూడా చిక్కులో పడుతుంది. చేరేటప్పుడే ‘అన్నా, వెళ్ళేటప్పుడు పిన్ ఇస్తారు కదా’ అని అడగడానికి మొహమాటపడకండి. ఆ ఖాతా మీద ఎవరైనా ఉచిత ఫోను తీసుకున్నారా అని కూడా అడగండి. ఆ వాయిదాల బాకీ ఖాతా మీదే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ ఫోన్లు సీనియర్ల దగ్గరా, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ దండిగా దొరుకుతాయి. ఐఫోన్ అయితే డబ్బు ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి క్యారియర్ లాక్ అన్న వరస చూడండి. అక్కడ నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటేనే అది ఏ కంపెనీ సిమ్‌కైనా పనికొస్తుంది. వాయిదాలు తీరని ఫోన్లకి కంపెనీలు సాధారణంగా తాళం తీయవు. ప్రీపెయిడ్ పేరుతో చౌకగా అమ్మే ఫోన్లకి కూడా ఆరు నెలలో ఏడాదో అదే కంపెనీలో ఉండాలన్న షరతు ఉండవచ్చు. అమ్మేవాడి ఆపిల్ ఖాతా మీ కళ్ళ ముందే అందులోంచి తీయించండి. ఇంత చూసినా ఒక ప్రమాదం మిగులుతుంది. అమ్మినవాడు తర్వాత వాయిదాలు ఎగ్గొడితే కంపెనీ ఆ ఐఎంఈఐని బ్లాక్‌లిస్టులో వేస్తుంది, అప్పటిదాకా పనిచేసిన ఫోను ఒక ఉదయం నెట్‌వర్క్ లేని ఫోను అవుతుంది. కాబట్టి తెలియని మనిషి దగ్గర కొనడం కన్నా కంపెనీలు బాగుచేసి వారంటీతో అమ్మే రీఫర్బిష్డ్ ఫోనుకి పాతిక, యాభై డాలర్లు ఎక్కువ పెట్టడమే మేలు.

కొత్త నంబరు చేతికి వచ్చాక కొన్నాళ్ళు మీకు తెలియని పేరుతో ఎవరెవరో పిలుస్తారు. మందుల షాపు నుంచి మందులు సిద్ధమయ్యాయని వస్తుంది, బాకీ వసూలుదార్లు బెదిరిస్తారు. నంబర్లు మళ్ళీమళ్ళీ తిరుగుతూ ఉంటాయి, అవన్నీ పాత యజమానికి సంబంధించినవి. రాంగ్ నంబర్ అని చెప్పి పెట్టేయండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి అంటూ గిఫ్ట్ కార్డులు కొనమనేవాడు మాత్రం దొంగే, వాడితో మాట అనవసరం.

గదిలో సిగ్నల్ సరిగా లేక వైఫై కాలింగ్ పెట్టుకునేటప్పుడు ఫోను ఒక చిరునామా అడుగుతుంది. చాలామంది తొందరలో ఏదో ఒకటి కొట్టేస్తారు. అది 911కి ఫోను చేసినప్పుడు అంబులెన్సువాళ్ళకో పోలీసులకో కనిపించే చిరునామా, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా రాయాలి. ఇల్లు మారినప్పుడు దాన్నీ మార్చాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, సెల్యులార్, వైఫై కాలింగ్‌లోకి వెళ్తే అప్‌డేట్ ఎమర్జెన్సీ అడ్రస్ అన్న వరస అక్కడే ఉంటుంది.