చక్రం కన్నా ముందు నడిచిన బాట

ఆదివారం తెల్లవారుతూనే విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద సైకిళ్ల సందడి మొదలవుతుంది. భీమిలి వైపు తొక్కుతుంటే కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క కొండలు. కొన్నాళ్లు తొక్కాక ఎవరి చూపైనా ఎడమకే తిరుగుతుంది. కంబాలకొండ ఊరి గుమ్మంలోనే ఉంది. ఇంకాస్త పైకి పోతే అనంతగిరి, అరకు. ఈ కొండల్లో మౌంటెన్ బైక్ బాటలు రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అయితే అవి ఎవరి నేల మీద, ఎవరి చేత్తో, ఎవరి సంపాదన కోసం అన్నది ముందు తేలాలి.

మొన్న శ్రావణంలో అనంతగిరి దగ్గర ఒక కాలిబాట పక్కన ఆగాను. ముందురోజు ఎవరో సైకిల్ మీద నిటారుగా దిగిపోయినట్టున్నారు. వెనక చక్రం బిగుసుకుని జారినచోట నాలుగు వేళ్ల లోతున గాడి పడింది. జల్లు మొదలయ్యేసరికి పైనున్న నీళ్లన్నీ ఆ గాడినే వెతుక్కుని ఎర్రగా పరుగెత్తాయి. నెత్తిన గంపతో సంతకు దిగుతున్న ఒకావిడ అక్కడ ఆగింది. గంప దించి, పలకరాయి ఒకటి తెచ్చి, నీటికి ఏటవాలుగా అడ్డం పాతింది. నీళ్లు పక్క పొదల్లోకి తిరిగాయి. గంపెత్తుకుని వెళ్లిపోయింది.

1988లో అమెరికాలో పుట్టిన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘం బాటలు వేసేవాళ్లకు చెప్పే పాఠం కూడా ఇదే. నీళ్లు బాట వెంట పారకూడదు, బాటను దాటిపోవాలి. అందుకే బాట వాలు కొండ వాలులో సగం మించకూడదు. మొత్తం మీద నూరడుగుల నడకకు పదడుగుల ఎత్తు దాటకూడదు. బయటి అంచు కాస్త పల్లంగా ఉండాలి. కావిడి మోసే మోకాళ్లకు ఈ లెక్క ఎప్పటినుంచో తెలుసు. ఇక్కడి రాయి ఖొండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. ఎండకూ వానకూ చివికి ఎర్రమట్టి అయిపోయే రాయి అది. అలాంటి నేల మీద ఒక్క తప్పు గాడి చాలు, నాలుగు వానల్లో గెడ్డ అయిపోతుంది.

బాట అసలు వద్దనాల్సిన చోట్లూ ఉన్నాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద చక్రం పెట్టనే కూడదు. కంబాలకొండ సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు తిరిగే చోటు. అటవీశాఖ తెరిచిన దారి దాటి అక్కడ కొత్తగా తవ్వడం నా దృష్టిలో తప్పే.

ఇక డబ్బు సంగతి. మారేడుమిల్లిలో పర్యాటకుల విడిదిని వన సంరక్షణ సమితి వాళ్లే నడుపుతూ దారి చూపించారు. వంట వాళ్లదే, అడవిలో తోడు వచ్చేదీ వాళ్లే. న్యూజిలాండ్‌లో రోటోరువా పక్కనున్న వాకరెవరెవ అడవికి ప్రపంచం నలుమూలల నుంచీ సైకిళ్లు వస్తాయి. ఆ నేలలో చాలా భాగం 2009లో తిరిగి మావోరీ తెగల చేతికొచ్చింది. మనకు అంత దూరం పోవాల్సిన పనిలేదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. గిరిజనుల సహకార సంఘాలకు తలుపు తెరిచే ఉంచింది. ఆ స్ఫూర్తి గనులకే ఎందుకు ఆగాలి? బాట వేసే కూలీ, ఏటా వానల తర్వాత పలుగూ పారా పట్టి కాలువలు తీసే పని, సైకిళ్ల అద్దె, పంక్చర్ షాపు, మధ్యాహ్నం భోజనం, అన్నీ అలాంటి గిరిజన సహకార సంఘం పద్దులోనే ఉండాలి. నగరం నుంచి వెళ్లే మనం టికెట్ కొని తొక్కుదాం.

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన మాట చెప్పే హక్కు ఇచ్చింది. ఏ బాట తెరవాలో, ఏ నెలలో మూయాలో ఆ సభే చెప్పాలి. సంతరోజు బాట గంపలదే అని వాళ్లంటే, ఆ రోజు మన సైకిళ్లు తారురోడ్డు దిగకుండా ఆగిపోవాలి.