ఇంట్లోనే ఆఫీసు: తీగ వేయాలా, వైఫై చాలునా?



గడచిన పసుపు కాలంలో ఆర్మూరుకు దగ్గరలోని ఒక పల్లెలో మాకు తెలిసిన కుటుంబాన్ని చూడటానికి వెళ్ళాము. ఉడికించిన పసుపు కల్లంలో ఆరుతూ ఉన్నది. ఇంటి పెద్దాయన మమ్మల్ని నీడకు పిలిచి మంచినీళ్ళు ఇచ్చాడు. ధర సంగతి ఎత్తుతాడనుకుంటే మరో మాట ఎత్తాడు.

"అయ్యగారూ, మా బిడ్డ నౌకరి పోయేటట్టున్నది. మాట్లాడుతుంటే నడుమ నెట్టు ఆగుతున్నదట. పట్నమొచ్చి ఆఫీసుల కూసొమ్మంటున్నరు. ఆమె పోతే మంచంల ఉన్నామెను ఎవరు చూస్తరు?"

ఆ ఇంటి తల్లికి పక్షవాతం. కూతురు హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుండే పని చేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చిన పని అది. మధ్య మధ్య తల్లికి మందులిచ్చి, పక్క తిప్పి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంటుంది. జీతం ఎంత అవసరమో, ఆమె ఇంట్లో ఉండటమూ అంతే అవసరం.

అప్పటికి ఆ కుటుంబం రెండుసార్లు డబ్బు పెట్టింది. మొదట నలభై మెగాబిట్ల ప్లాను మాని వంద మెగాబిట్లది తీసుకున్నారు. అది లాభం లేకపోతే దుకాణంవాడి మాట మీద రిపీటర్ అనే చిన్న పెట్టె తెచ్చి నడవాలో పెట్టారు. ఫోనులో గీతలు నిండుగా కనిపించాయి గాని మాట మాత్రం తెగుతూనే ఉన్నది.

మేము వారిని తప్పు పట్టలేము. 2020లో ఆదివారపు ఆరాధనను ఫోను ద్వారా సంఘస్థుల ఇళ్ళకు పంపవలసి వచ్చినప్పుడు మేమూ ఇదే పొరపాటు చేశాము. ప్లాను మీద ప్లాను మార్చాము. ఆఖరికి చూస్తే రూటరు బీరువా వెనుక ఉన్నది!

ఇక్కడ రెండు సంగతులను విడదీసి చూడాలి. ఇంటి గుమ్మం దాకా వచ్చే నెట్టు ఒకటి, గుమ్మం నుండి పనిబల్ల దాకా వెళ్ళే నెట్టు మరొకటి. మొదటి దానికోసం మన రాష్ట్రంలో చాలా పని జరిగింది. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కందకాల వెంటనే టీ-ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. ప్రైవేటు కంపెనీల ఫైబరు తీగలు కరెంటు స్తంభాల మీదుగా పల్లెల దాకా వచ్చాయి. కోతులు వాటిని పట్టి ఊగకపోతే అవి బాగానే పని చేస్తాయి. మనం ప్లాను పెంచితే బాగుపడేది ఈ మొదటి భాగమే. రోగం రెండో భాగంలో ఉంటే ఎంత కట్టినా ఫలితం ఉండదు.

రోగం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆ రోజు మేము ఆ అమ్మాయిని లాప్‌టాప్ తీసుకొని రూటరు దగ్గరకు రమ్మన్నాము. మూరెడు కేబులుతో రూటరుకు కలిపి వేగం చూస్తే తొంభైకి పైగా వచ్చింది. కేబులు తీసి అదే గదిలో వైఫై మీద చూస్తే డెబ్బై. తన గదిలోకి వెళ్ళి చూస్తే ఆరు, మరోసారి రెండు. పంపిన సంకేతానికి జవాబు తిరిగి రావడానికి రూటరు దగ్గర పది మిల్లీసెకన్లు పడితే, గదిలో ఒకసారి ముప్పయి, ఒకసారి నాలుగు వందలు పట్టింది. వీడియోలో మాట్లాడటానికి నాలుగు మెగాబిట్లు ఉంటే సరిపోతుంది. కాని అవి ఒకే తీరుగా రావాలి. సినిమా అయితే ముందుగానే కొంత దింపుకొని చూపిస్తుంది కనుక ఈ తడబాటు తెలియదు. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు అలా దాచుకోవడానికి వీలులేదు గదా.

ఇల్లంతా తిరిగి చూస్తే కారణం తెలిసింది. ముందరి భాగం వారి తాతలు కట్టినది, రెండడుగుల మందం రాతిగోడలు. వెనుక భాగం కొత్తగా వేసిన స్లాబు గదులు. నడుమ పసుపు నిలువ చేసే గది, దానికి ఇనుప రేకుల తలుపు. రూటరు ముందరి హాలులో, అమ్మాయి బల్ల వెనుక గదిలో. వైఫై అంటే రేడియో తరంగాలే. ఇనుప రేకు వాటిని వెనక్కు కొడుతుంది. రాతిగోడ మింగేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కొంత దాటగలదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనదే గాని గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది. నడవాలో పెట్టిన రిపీటర్ సగం చచ్చిన సంకేతాన్నే అందుకొని, అదే దారిలో మళ్ళీ పలుకుతున్నది. విన్నది తిరిగి చెప్పడానికి కూడా కాలం కావాలి కనుక ఉన్న వేగమూ సగమైపోతుంది.

ఆర్మూరు పట్టణంలో కథ వేరు. బజారులో ఒక మేడలో మేము చూస్తే ఫోనులో పాతిక వైఫై పేర్లు కనబడ్డాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాకుండా వాడుకోగల దారులు 1, 6, 11 అనే మూడే. ఒక దారిలో ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగిలినవారు ఆగాలి. వాడకట్టుకంతా ఒకే బోరింగు ఉన్నట్టు. కేబులు అయితే మన ఇంటి నల్లా వంటిది. అందులో పంపడమూ అందుకోవడమూ ఒకేసారి జరుగుతాయి, పక్కింటివారి ప్రమేయం ఉండదు. పల్లెలో గోడ శత్రువు, పట్టణంలో పొరుగువారి రూటరు. పట్టణంలో ఉన్నవారు ముందు 5 గిగాహెర్ట్జ్‌కు మారి చూడండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ తరంగాలలో చాలా భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. ఒక్క గది దూరమే అయితే దానితోనే పని జరిగిపోవచ్చు.

చిత్రమేమంటే ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. 1971లో హవాయి దీవులలోని విశ్వవిద్యాలయం సముద్రం మీద తీగలు వేయలేక కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దానిని గురించి చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ ఆ పద్ధతిని మార్చి 1973లో తీగ మీద నడిపించాడు. ఈనాడు మనం వాడే ఈథర్‌నెట్ కేబులు అలా పుట్టింది. గాలిలో నేర్చినదే తీగ.

సరే, పల్లెకు వద్దాం. రోజంతా కదలకుండా ఒకేచోట కూర్చొని చేసే పనికి తీగే మేలని మేము చెప్పాము. ముప్పయి మీటర్ల క్యాట్-6 కేబులు తెప్పించాము. వంద మీటర్ల వరకు ఈ కేబులు వేగం తగ్గకుండా తీసుకుపోతుంది కనుక మన ఇళ్ళలో దూరానికి భయం లేదు. కొనేటప్పుడు మాత్రం ఒకటి గట్టిగా అడగాలి: లోపల పూర్తి రాగి ఉన్నదా, అల్యూమినియం మీద రాగి పూత ఉన్నదా? పూత కేబులు చవక, కాని విరుగుతుంది, దూరం పోయేకొద్దీ తడబడుతుంది. కేబులును కరెంటు తీగల పైపులోనే దూర్చవద్దు, వేరే పైపులో వేయండి. పైపు లేకపోతే పసుపు గదిలో ఎలుకలు వారం రోజులు కూడా ఉంచవు. మలుపుల దగ్గర ముడిచి మేకు కొట్టకూడదు. లాప్‌టాప్‌కు కేబులు గుచ్చే చోటు లేకపోతే యూఎస్‌బీ అడాప్టరు దొరుకుతుంది.

కొన్న రిపీటర్ వృథా పోలేదు. దానికి వెనుక కేబులు చోటు ఉన్నది. అమ్మాయి గదిలో ఒక చిన్న స్విచ్ పెట్టె పెట్టి, ఒక కేబులు లాప్‌టాప్‌కు, ఒకటి ఆ పెట్టెకు ఇచ్చి, దానిని యాక్సెస్ పాయింటుగా మార్చాము. ఫోనులకు తీగ పెట్టలేము గదా! వెనుక గదులలో వైఫై కూడా అప్పుడు బాగుపడింది. రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలని అనుకోనక్కరలేదు. వైఫై పాస్‌వర్డు కూడా ఆ రోజే మార్పించాము. పెండ్లికి వచ్చిన చుట్టాలందరి ఫోనులలో పాతది ఉన్నది మరి. కరెంటు పోతే తీగ ఉన్నా లేకున్నా రూటరు ఆగుతుంది కనుక దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకున్నారు.

తరువాత పెద్దాయన, కల్లం పక్కనున్న కొట్టానికి కూడా ఒక తీగ లాగితే కొడుకు అక్కడ కూర్చొని మార్కెట్టు ధరలు చూసుకుంటాడన్నాడు. ఆ ఆశ న్యాయమైనదే. 2016లో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. కాడి ఎంత, గోళ ఎంత అని ఇంటి నుండే చూసుకునే రోజులు వచ్చాయి. కొనేవారు ధర వేసేది కూడా కంప్యూటరు మీదనే. గడువు దాటాక నెట్టు వస్తే ఏం ప్రయోజనం?

కాని ఆ తీగకు మాత్రం మేము వద్దన్నాము. ఇంటి లోపల రాగి మంచిదే. ఒక కట్టడం నుండి మరో కట్టడానికి ఆరుబయట లాగిన రాగి తీగ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల గాలివానలు మనకు తెలియనివి కావు. పిడుగు తీగ మీదనే పడనక్కరలేదు, దగ్గరలో పడినా ఆ తీగలో విద్యుత్తు పుట్టి రెండు చివరలా ఉన్న యంత్రాలను కాల్చివేయగలదు. మనిషి చేయి దానిమీద ఉంటే ఇంకా ఘోరం. అటువంటి చోటికి లోపల ఇనుప తీగ లేని ఫైబరు వేసి, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టాలి. గాజు పోగులో వెలుగు పోతుంది గాని కరెంటు పోదు. ఖర్చు ఎక్కువని వారు ప్రస్తుతానికి ఆగారు. కొడుకు ఫోనులోనే చూసుకుంటున్నాడు. ఉరుములు మొదలైతే ఇంటిలోని రూటరుకు కూడా ప్లగ్గు పీకివేయమని చెప్పాము. స్విచ్ ఆపితే సరిపోదు.

మూడు వారాల తరువాత అమ్మాయి మాకు ఫోను చేసింది. నెల రోజులు చూస్తామని ఆఫీసువారు అన్నారట. "అయ్యగారూ, మొన్న గంటన్నర మీటింగైంది, ఒక్కసారి గూడ ఆగలే. నడుమ అమ్మకు మందు గూడ వేసిన" అన్నది. పట్నం ప్రయాణం సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు.

ఈ సంగతి విని వారి మేనమామ, తాను కొత్తగా కడుతున్న ఇంటికి మమ్మల్ని తీసుకుపోయాడు. ఇంకా స్లాబు పోయలేదు, సెంట్రింగు మీద కరెంటు పైపులు పరుస్తున్నారు. ప్రతి గదికి హాలు నుండి వేరుగా ఒక ఖాళీ పైపు వేయించమన్నాము. "ఇప్పుడు కంప్యూటరు పని చేసేటోళ్ళు ఎవరున్నరు అయ్యగారూ, పిల్లలింక బడికే పోతున్నరు" అన్నాడు గాని వేయించాడు. రేపు కేబులు లాగడానికి వీలుగా పైపులలో నైలాను దారం కూడా ఉంచమని మేస్త్రికి చెప్పి వచ్చాము.