సర్కారు వకీలు ఎవరి పక్షము?

నెల్లూరు సెషన్సు కోర్టుకు మైపాడు, జువ్వలదిన్నె తీరములనుండి వచ్చు పల్లెవాసులు పబ్లిక్ ప్రాసిక్యూటరును "మన వకీలు" అని చెప్పుకొనుట కద్దు. కొందరు గవర్నమెంటు ప్లీడరనియు అందురు. ఆ పేరు సివిలు దావాలలో ప్రభుత్వము తరఫున వాదించువారిది. ఈ పొరపాటు చిన్నది. "మన వకీలు" అనుటలోని పొరపాటు పెద్దది.

ఏడేండ్లు న్యాయవాదిగా పనిచేసినవారు ఈ పదవికి అర్హులు. కలెక్టరు సెషన్సు జడ్జిని సంప్రదించి పేర్ల పట్టిక కూర్చగా ప్రభుత్వము నియమించును. సెషన్సు విచారణలో అభియోగమును నడుపవలసినవాడు పి.పి. గారే. బాధితులు సొంత వకీలును పెట్టుకొనవచ్చును గాని, అతడు ఈయన అదుపులో మెలగవలెను. ఆ అదుపు లేనినాడు అభియోగము పగ తీర్చుకొనుటకు చట్టబద్ధమైన సాధనముగా దిగజారవచ్చునని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1959లో ప్రకటితమైన ఒక తీర్పున హెచ్చరించినది. నిందితునికి అనుకూలమైన సాక్ష్యమును దాచుటకును ప్రాసిక్యూటరునకు హక్కు లేదు. మన విద్యార్థులలో పెక్కురు ఈ మాట విని ఆశ్చర్యపడుదురు. సినిమాలలో వారు చూచిన ప్రాసిక్యూటరు వేరు.

అయితే బాధితులకు ఆయనయందు నమ్మకమే లేకున్న నేమి గతి? నెల్లూరినుండి కావలి, ఒంగోలు, బాపట్ల దాటి ఉత్తరముగా పోవు రైలుదారిలో చుండూరు కలదు. 1991 ఆగస్టు 6న అచ్చట ఎనమండ్రు దళితులు హతులైరి. విచారణ తమ ఊరిలోనే జరుగవలెననియు, తాము నమ్మిన న్యాయవాదియే అభియోగమును నడుపవలెననియు బాధితులు పట్టుబట్టి సాధించిరి. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటరయ్యెను. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఏడాది శిక్షయు పడినవి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయినది.

బాధితులు కోరి తెచ్చుకొన్నంతమాత్రమున చంద్రశేఖర్ వారి సొంత వకీలు కాలేదు. కోర్టుయెడల ఆయన బాధ్యత ఇసుమంతయు తగ్గలేదు. తగ్గినది వారి భయము. పదునారేండ్లు ఓపిక పట్టినవారికి అది స్వల్పమని నేననుకొనను.

కేసును ఉపసంహరించుటకు కోర్టు అనుమతి కోరు అధికారము నేటికిని ప్రాసిక్యూటరు చేతిలోనే యున్నది. కాని 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఒక షరతు చేర్చినది. బాధితులకు తమ మాట చెప్పుకొను అవకాశమీయక కోర్టు అట్టి అనుమతి నీయరాదు. జువ్వలదిన్నెనుండి వచ్చి వరండాలో కూర్చున్నవారిని లోపలికి పిలువవలసినదే.