పొడవైన కాంక్రీటు వంతెనల్లో కదలిక

రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1997లో పూర్తయిన కమాను రైలు వంతెన పొడవు 2,745 మీటర్లు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే కాంక్రీటు తన పొడవులో పది లక్షలకు సుమారు 12 వంతులు సాగుతుంది గనుక, ఆ వంతెనను ఎక్కడా విడదీయకుండా ఒకే దూలంగా కట్టి ఉంటే, 30 డిగ్రీల తేడాకు దాని పొడవు దాదాపు ఒక మీటరు మారేది. దానిని సుమారు 97.5 మీటర్ల చొప్పున 28 స్పాన్లుగా, అంటే స్తంభాల మధ్య విడివిడి భాగాలుగా కట్టడం వల్ల ఒక్కొక్క దానిలో ఆ మార్పు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. మామూలు కమాను తన పాదాలను పక్కలకు నెడుతుంది కాబట్టి వాటిని గట్టిగా బిగించక తప్పదు. ఇక్కడ మాత్రం ఆ ఒత్తిడిని వింటినారిలా అడుగునున్న దూలమే లాగి పట్టుకోవడంతో, స్పాను ఒక కొసను సాగడానికి వదిలిపెట్టే వీలు కలుగుతుంది.

ఆ వీలు లేకపోతే కదలిక కాస్తా బలంగా మారుతుంది. కదలకుండా బిగించిన కాంక్రీటు 20 డిగ్రీలు చల్లబడితే దానిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 7 న్యూటన్ల లాగుడు పుడుతుంది. సాధారణ కాంక్రీటు 3 న్యూటన్ల దగ్గరే పగులుతుంది. అందుకే దూలానికీ స్తంభానికీ నడుమ బేరింగులు ఉంచుతారు. చిన్న కదలికలకు ఉక్కు రేకులు పొదిగిన రబ్బరు దిమ్మె, పెద్ద వాటికి నునుపైన స్టెయిన్‌లెస్ స్టీలు పలకపై జారే టెఫ్లాన్ సరిపోతాయి. అయితే రైలు బ్రేకు వేసినప్పుడు పుట్టే తోపును ఎక్కడో ఒకచోట ఆపాలి కనుక, రెండో కొసను జారకుండా నిలుపుతారు.

వేడికి సాగినది చల్లబడితే వెనక్కి వస్తుంది. అసలు చిక్కు వెనక్కి రాని కదలికతోనే. కాంక్రీటు ఆరుతూ ఏళ్ల తరబడి కుంచించుకుపోతుంది. పైగా ఎడతెగని భారం కింద నెమ్మదిగా రూపు మారుతూ ఉంటుంది. ఈ రెండో గుణాన్నే ఇంజనీర్లు క్రీప్ అంటారు. పసిఫిక్ దేశం పలావులో 1977లో 241 మీటర్ల ప్రధాన స్పానుతో కట్టిన కోరోర్ వంతెన నడిమి భాగం రెండు దశాబ్దాలైనా నిండకుండానే మీటరుకు పైగా కుంగింది. సరిచేసిన కొద్ది నెలలకే, 1996లో అది కూలిపోయింది. కూలడానికి కారణాలపై వాదాలు ఉన్నా, క్రీప్‌ను తక్కువగా అంచనా వేశారన్నది మాత్రం నిర్వివాదం.

స్పాన్ల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింటు సందును లెక్కించేటప్పుడు, దానిని అమర్చే నాటి ఉష్ణోగ్రతతో పాటు ఇంకా మిగిలి ఉన్న ఈ కుంచనాన్ని కూడా కలుపుకోవాలి. ఆ సందులోంచి దిగే నీరు కింది బేరింగులను తినేస్తుంది కాబట్టి, చిన్న వంతెనల్లో జాయింట్లే లేకుండా దూలాన్ని స్తంభాలతో ఏకం చేసి, ఆ స్తంభాలనే కొద్దిగా వంగనిస్తారు. పొడవైన వాటిలో ఆ సౌకర్యం పరిమితం. బేరింగుల ఆయుష్షు వంతెన ఆయుష్షు కంటే తక్కువ కాబట్టి, జాకీలతో దూలాన్ని ఎత్తి వాటిని మార్చేందుకు స్తంభాల తలపై ముందుగానే చోటు వదులుతారు.