తల్లి తిన్నదే పిల్ల ఎముకల్లోకి

“ఆ గ్లాసు పాలు తాగవే తల్లీ” అని కడుపుతో ఉన్న మా చెల్లెలి కూతుర్ని పోరుతుంటే, “నువ్వే కదా పెద్దమ్మా, పాలల్లో అణుధూళి కలిసిన సంగతి చెప్పావు!” అని నవ్వింది. చెప్పిన మాట నిజమే గానీ సగమే చెప్పాను.

1950లలో అమెరికా, సోవియట్ యూనియన్ ఆరుబయటే అణుబాంబులు పేల్చి చూసుకునేవి. ఆ ధూళి గడ్డిమీద పడి, ఆవు కడుపులోంచి పిల్లల పాలగ్లాసులోకి వచ్చేది. అందులోని స్ట్రాన్షియం-90 గుణంలో కాల్షియానికి దగ్గరి చుట్టం. శరీరం దాన్నీ కాల్షియమే అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. దాని రేడియేషన్ సగానికి తగ్గడానికే దాదాపు 29 ఏళ్లు! ఇక ఏళ్ల తరబడి లోపలినుంచే కొద్దికొద్దిగా తగులుతూ ఉంటుందన్నమాట.

దాని ప్రభావం చూడాలని 1960లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో బీగిల్ కుక్కలకి స్ట్రాన్షియం పెట్టారు. తిండిలోనే, అదీ చూలుతో ఉన్న తల్లి తిండిలో కలిపారు. పిల్లలకి కడుపులో మావి ద్వారా, పుట్టాక చనుపాల ద్వారా, ఆపైన సొంత తిండిలో, ఏడాదిన్నర వయసుదాకా అందింది. ఆ తర్వాత ఆపేసి, అవి బతికినన్నాళ్లూ కనిపెట్టి చూశారు. ఆ మూగజీవాల్ని తలుచుకుంటే నాకు మనసొప్పదు, అది వేరే మాట.

ఎక్కువ మోతాదు తిన్నవాటికి ఎముక కేన్సర్లు, రక్త కేన్సర్లు వచ్చాయి. బాగా తక్కువ తిన్నవాటిలో అలాంటి ఎముక కేన్సర్ కనబడలేదు. అయితే వందల కుక్కల్లో కనబడనంత మాత్రాన కోట్లమంది మనుషుల్లో ఒక్కరికీ రాదని ఎలా అంటాం?

మా పిల్లకి చెప్పని సగం ఇదీ. ప్రయోగశాల ఎలుకల తిండిలో కాల్షియం చాలనప్పుడు స్ట్రాన్షియం ఎముకల్లో ఎక్కువగా నిలిచింది. కాల్షియం సరిపడా ఉంటే పేగులు, మావి, పాలగ్రంథులు ముందు దాన్నే రానిచ్చి, స్ట్రాన్షియాన్ని కొంత వెనక్కి నెడతాయి. 1964లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవాళ్లు సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేట్ ఎలుకలకి పెట్టి చూస్తే, పేగులు పీల్చుకునే స్ట్రాన్షియం బాగా తగ్గింది.

ఆరుబయట పేలుళ్లు మానతామని 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒప్పుకున్నాక పాలల్లో ఆ పాళ్లూ తగ్గుతూ వచ్చాయి.

అంతా విని, “అయితే కాల్షియం లేకపోతేనే ముప్పన్నమాట” అంటూ గ్లాసు ఖాళీ చేసింది. “రేపట్నుంచి రాగిజావ కూడా కాచిపెట్టు పెద్దమ్మా, బెల్లం కాస్త ఎక్కువే వెయ్యి!”